భుజం గాయానికి వీఏ పరిహారం రాకపోయినా, తక్కువ వచ్చినా: అప్పీల్ ఎలా చేయాలి

అమెరికా సైన్యంలో పనిచేస్తూ దెబ్బతిన్నవాళ్లకు, జబ్బుపడ్డవాళ్లకు అక్కడి వెటరన్స్ అఫైర్స్ శాఖ, అంటే వీఏ, నెలనెలా పరిహారం ఇస్తుంది. 2009లో మొదలై 2016లో ఆగిన మావ్ని పథకంలో (వీసా మీద ఉన్న విదేశీయుల్ని ప్రత్యేక నైపుణ్యాల కోసం సైన్యంలో చేర్చుకున్న పథకం) చేరినవాళ్లు, గ్రీన్‌కార్డు మీద చేరినవాళ్లు, అక్కడే పుట్టి పెరిగి యూనిఫాం వేసుకున్న పిల్లలు మన తెలుగు ఇళ్లలోనూ ఉన్నారు. వీళ్లలో భుజం నొప్పితో బయటికొచ్చినవాళ్లు తక్కువేం కాదు. వీపున బరువు సంచులు, పుషప్‌లు, పారాచూట్ దూకుళ్లు, ట్రక్కు కింద పడుకుని చేతులు పైకెత్తి చేసే పని, అన్నీ పడేది ఆ కీలు మీదే. క్లెయిమ్ వేశాక ‘సర్వీసుకు సంబంధం లేదు’ అనో, ‘పది శాతం’ అనో ఉత్తరం వస్తే ఏం చేయాలో కింద వరసగా చెబుతున్నాం.

1. ఉత్తరం మీద తేదీ చూడండి

గడువు లెక్క ఉత్తరం మీదున్న తేదీ నుంచి మొదలవుతుంది, అది మీ చేతికి వచ్చిన రోజు నుంచి కాదు. ఆ తేదీ నుంచి ఏడాదిలోపు అప్పీల్ వేయాలి. ఆ ఏడాదిలోపు వేసి, చివరికి గెలిస్తే, సాధారణంగా మొదట క్లెయిమ్ వేసిన తేదీ నుంచి బకాయి లెక్కగట్టి ఇస్తారు. గడువు దాటినా కొత్త ఆధారాలతో మళ్లీ అడగొచ్చు గానీ, డబ్బు మళ్లీ అడిగిన రోజు నుంచే. రెండేళ్లు నాన్చితే పోయేది రెండేళ్ల సొమ్ము. అందుకని ఉత్తరం రాగానే గడువు తేదీని ఫోన్‌లో రెండుచోట్ల పెట్టుకోండి, ఒకటి గడువు రోజుకి, ఒకటి దానికి మూడు నెలల ముందుకి.

2. వీఏ ఎక్కడ కాదందో పట్టుకోండి

కాదన్నారనగానే చాలామంది ఇంకో ఎమ్మారై తీయించి పంపుతారు. అప్పటికే వీఏ ‘రొటేటర్ కఫ్ (భుజం కీలును పట్టి ఉంచే కండరాలు) చిరిగింది నిజమే’ అని ఒప్పుకుని ఉంటే, ఆ ఎమ్మారైతో ఒరిగేదేమీ లేదు.

సర్వీసుతో సంబంధం ఒప్పుకోవాలంటే మూడు కావాలి. ఇప్పుడు భుజంలో ఇబ్బంది ఉండాలి. సర్వీసులో ఏదో జరిగి ఉండాలి, దెబ్బ కావచ్చు, రోజూ పడ్డ శ్రమ కావచ్చు. ఈ రెంటికీ లంకె ఉండాలి. ఈ లంకెనే నెక్సస్ అంటారు. ఉత్తరంలో ‘ఫేవరబుల్ ఫైండింగ్స్’ అని ఒక భాగం ఉంటుంది. మీ వైపు ఒప్పుకున్నవన్నీ అందులో రాస్తారు. తర్వాత వచ్చే అధికారులు వాటిని స్పష్టమైన, తిరుగులేని ఆధారం ఉంటే తప్ప కొట్టేయడానికి లేదు. కాబట్టి అక్కడున్నవాటిని పక్కనబెట్టి, మూడింటిలో మిగిలిన దాని మీదే పని చేయండి. భుజం కేసుల్లో చాలాసార్లు తెగేది మూడోదే.

మొదటిది తెగితే ఒక మాట. జబ్బుకు పేరు పెట్టలేకపోయినా, నొప్పి వల్ల పని చేయలేకపోతుంటే అదీ వైకల్యమేనని 2018లో సాండర్స్ కేసులో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు చెప్పింది. ‘ఎక్స్‌రే నార్మల్, జబ్బు లేదు’ అని కొట్టేస్తే ఆ తీర్పు పేరు రాయండి.

రేటింగ్, అంటే వైకల్యానికి వేసే శాతం, తక్కువ ఇచ్చారన్నది మీ బాధ అయితే, ఉత్తరంలో ‘దీనికి పై మెట్టు కావాలంటే ఇది ఉండాలి’ అని రాసిన వాక్యం వెతకండి. మీరు అందుకోవాల్సింది అదే.

3. మీ ఫైలు, పరీక్ష నివేదిక తెప్పించుకోండి

ఉత్తరంలో ఉండేది సారాంశం మాత్రమే. అసలు కథ సీ అండ్ పీ పరీక్ష, అంటే క్లెయిమ్ కోసం వీఏ చేయించే వైద్య పరీక్ష, నివేదికలో ఉంటుంది. ఫారం 20-10206తో మీ పూర్తి క్లెయిమ్ ఫైలు అడగండి. సర్వీసు వైద్య రికార్డులు అందులో లేకపోతే ఎస్ఎఫ్-180 ఫారంతో వేరుగా అడగాలి. ఫైలు రావడానికి నెలలు పట్టొచ్చు, అందుకే ఈ పని మొదటి వారంలోనే చేయమనేది. మీ తరఫున చూసే వీఎస్ఓ (మాజీ సైనికులకు సాయపడే సంస్థ) ప్రతినిధి ఉంటే పరీక్ష నివేదికను అంతకంటే ముందే చూసి చెప్పగలరు. వీఎస్ఓల సేవ ఉచితం. మొదటి నిర్ణయం రాకముందు క్లెయిమ్ వేసిపెట్టినందుకు ఎవరూ ఫీజు తీసుకోకూడదు. నిర్ణయం వచ్చాక వీఏ గుర్తింపు ఉన్న లాయర్, ఏజెంట్ తీసుకోవచ్చు. బకాయిలో ఇరవై శాతం దాకా సమంజసమని, మూడో వంతు దాటితే ఎక్కువని నిబంధనలు చెబుతాయి. రేటింగ్ పెరిగాక నెలనెలా వచ్చేదాంట్లో వాటా అడిగే కంపెనీల కాగితం మీద సంతకం పెట్టొద్దు.

4. భుజానికి శాతాలు ఎలా వేస్తారో తెలుసుకోండి

అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఇదే, నిదానంగా చదవండి.

మామూలు మనిషి చెయ్యి ముందుకూ పక్కకూ 180 డిగ్రీలు లేస్తుంది. భుజం ఎత్తుకు లేస్తే 90, దానికి సగం 45, తొడ నుంచి కాస్త ఎడంగా మాత్రమే జరిగితే 25. వీఏ రేటింగ్ పట్టికలో ఒక్కో ఇబ్బందికి ఒక్కో కోడ్ ఉంటుంది; చెయ్యి కదలిక తగ్గితే వేసే కోడ్ 5201. మెట్లు ఇవి: 90 దగ్గరే ఆగిపోతే ఏ చేతికైనా 20 శాతం. 45 దగ్గర ఆగితే వాటం చేతికి (మీరు ఎక్కువగా వాడే చేతికి) 30, రెండో చేతికి 20. 25 దగ్గర ఆగితే వాటం చేతికి 40, రెండో చేతికి 30.

ఈ అంకెల్లో మూడు సంగతులు దాగున్నాయి.

ఒకటి, 5201లో పది శాతం అనే మెట్టే లేదు. నొప్పితో కదిలే కీలుకు ఆ కోడ్‌లోని కనీస రేటింగ్ ఇవ్వాలని వీఏ నిబంధనల్లోని సెక్షన్ 4.59 చెబుతుంది. అంటే చెయ్యి 150 డిగ్రీలు లేచినా, ఆ కదలికలో నొప్పి ఉందని పరీక్షలో తేలితే ఆ కోడ్ కింద 20 అడగొచ్చు. కాలర్‌బోన్, రెక్క ఎముకలకు వాడే 5203లో, కీళ్లవాతం కోడ్ 5003లో పది ఉంటుంది. మీకు పది వచ్చిందంటే ఏ కోడ్ వేశారో ముందు చూడండి. 2024 డిసెంబర్ 1 నుంచి ఏడాది పాటు అమలైన రేట్లలో పది శాతానికి నెలకు 175.51 డాలర్లు, ఇరవైకి 346.95 ఉండేది. రేట్లు ఏటా డిసెంబర్‌లో మారతాయి గానీ ఇరవైకి వచ్చేది పదికి వచ్చేదానికి దాదాపు రెట్టింపు.

రెండు, వాటం లేని చేతికి 90 నుంచి 45కి దిగజారినా శాతం మారదు. ఆ చేతికి 20 వచ్చి ఉంటే, ‘45 కంటే పైకి లేవట్లేదు’ అని ఏడాది పాటు పోరాడి గెలిచినా చేతికొచ్చేది అదే ఇరవై. అలాంటప్పుడు 25 డిగ్రీల దాకా తగ్గిందా అని చూడాలి, లేదా విడిగా రేటింగ్ వచ్చే వాటి మీద దృష్టి పెట్టాలి: ఆపరేషన్ మచ్చ నొప్పి పెడుతుంటే కోడ్ 7804 కింద పది, చేతిలోకి దిగే తిమ్మిరికి నరం కోడ్‌లు.

మూడు, వాటం. మన ఇళ్లలో ఎడమచేతి వాటం పిల్లల్ని కుడిచేత్తో రాయమని, అన్నం తినమని అలవాటు చేస్తారు. పరీక్షలో ‘ఏ చేత్తో రాస్తారు?’ అంటే ‘కుడి’ అంటాం, రికార్డులో కుడిచేతి వాటం అని పడిపోతుంది. దెబ్బ ఎడమ భుజానికైతే అక్కడ పది శాతం పోయే ప్రమాదం ఉంది. బంతి విసిరేది, సుత్తి పట్టేది, బరువెత్తేది ఏ చేత్తోనో నిజంగా ఉన్నది చెప్పండి. రెండు చేతులూ వాడేవాళ్లకు దెబ్బ తగిలిన చేతిని, లేదా రెంటిలో ఎక్కువ దెబ్బతిన్నదాన్ని వాటం చేతిగా లెక్కించాలని సెక్షన్ 4.69లో ఉంది.

భుజం మాటిమాటికీ జారిపోతుంటే కోడ్ 5202 చూడండి. తరచూ జారుతూ, చెయ్యి ఎటు కదపాలన్నా భయపడి కాచుకోవాల్సి వస్తుంటే వాటం చేతికి 30, రెండోదానికి 20. ఎప్పుడో జారుతూ, భుజం ఎత్తుకు లేపేటప్పుడు మాత్రమే కాచుకుంటే 20. ఇక ముందుకెత్తడానికి ఒకటి, పక్కకెత్తడానికి ఒకటి అని 5201 కింద రెండు రేటింగులు అడగొద్దు. 2013లో యోనెక్ కేసులో అది కుదరదని తేలిపోయింది.

5. పరీక్ష నివేదికలో తప్పులు వెతకండి

నివేదిక పక్కన కాగితం, కలం పెట్టుకుని ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి.

కొలత గోనియోమీటర్‌తో (కీలు కోణం కొలిచే పరికరం) తీశారా, కంటి అంచనాతోనా? మీరు ఎత్తితే ఎంత, డాక్టర్ పట్టుకుని ఎత్తితే ఎంత అని రెండూ ఉన్నాయా? బరువు మోపినప్పుడు, మోపనప్పుడు నొప్పి సంగతి రాశారా? రెండో భుజాన్నీ కొలిచారా? ఈ చివరి మూడూ ఉండాలని 2016లో కొరియా కేసులో తీర్పు వచ్చింది (అది మనిషి పేరు, దేశం పేరు కాదు). కుదరకపోతే ఎందుకు కుదరలేదో డాక్టర్ రాయాలి.

నొప్పి ఎగదన్నే రోజుల గురించి ఏం రాశారు? భుజం కేసులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పరీక్ష రోజు చెయ్యి 110 లేస్తుంది, ఎగదన్నిన రోజు షర్టు తొడుక్కోవడానికే ఇంకొకరు కావాలి. ‘ఆ రోజు చూడలేదు కాబట్టి ఊహించి చెప్పలేను’ అని డాక్టర్ ఒక్క వాక్యంలో వదిలేస్తే చాలదు. మిమ్మల్ని అడిగి, రికార్డులు చూసి, ఆ రోజుల్లో ఎన్ని డిగ్రీలు ఉండొచ్చో అంచనా వేయాలి, వేయలేకపోతే సరైన కారణం చెప్పాలి. 2017 షార్ప్ తీర్పు అదే. చాలా నివేదికల్లో ఈ అంచనా ఉండదు.

లంకె మీద అభిప్రాయం ‘కాదు’ అని ఉంటే కారణం చదవండి. ‘రికార్డుల్లో ఒక్కసారే ఉంది’, ‘డిశ్చార్జ్ (సైన్యం వదిలేటప్పటి) పరీక్షలో ఏమీ రాయలేదు’, ‘వయసుతో వచ్చే అరుగుదల’, దాదాపు ఎప్పుడూ ఈ మూడే. మీరు, మీ తోటివాళ్లు చెప్పినదాన్ని పట్టించుకోకుండా కాగితం లేదన్న ఒక్క కారణంతో కొట్టేయడం చెల్లదని 2006లో బ్యుకానన్ కేసులో తేల్చారు. భుజం విషయంలో అయితే 2007 నాటి జాండ్రో కేసు ఇంకా దగ్గరిది. ఆ వెటరన్ శిక్షణలో భుజం జారిందన్నారు. ఆయన రికార్డులు 1973 జూలైలో సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. తోటి సైనికుడు చూసింది చెప్పాడు. మామూలు మనిషి మాట వైద్య విషయంలో ఎప్పుడూ చెల్లదనడం తప్పని కోర్టు చెప్పింది.

6. దారి ఎంచుకోండి

2019 ఫిబ్రవరి 19 నుంచి మూడు దారులున్నాయి. ఒకే విషయాన్ని ఒకేసారి రెండు దారుల్లో నడపడానికి వీల్లేదు.

తప్పు ఫైలులోనే ఉందా, కొత్త కాగితం అక్కర్లేదా? అయితే హయ్యర్ లెవెల్ రివ్యూ, ఫారం 20-0996. సీనియర్ అధికారి ఒకరు అదే ఫైలు మళ్లీ చూస్తారు, కొత్త ఆధారం ఏదీ తీసుకోరు. ఇన్ఫార్మల్ కాన్ఫరెన్స్ కావాలన్న గడిలో టిక్ పెట్టండి. ఫోన్ వస్తుంది, ఒక్కసారే. అప్పుడు మీ బాధంతా చెప్పుకోవాలనిపిస్తుంది. అది వద్దు. ‘ఫలానా తేదీ నివేదిక, ఫలానా పేజీ, ఎగదన్నే రోజుల అంచనా లేదు, షార్ప్ తీర్పుకు విరుద్ధం’ అని చదవండి. తప్పు నిజమని తేలితే కొత్త పరీక్షకు పంపుతారు.

లంకె తెగిందా, ఆధారం చాల్లేదా? అయితే సప్లిమెంటల్ క్లెయిమ్, ఫారం 20-0995. దీనికి కొత్తదీ, విషయానికి సంబంధించినదీ ఒక్క ఆధారమైనా ఉండాలి. పాత కాగితాలే మళ్లీ పంపితే వెనక్కొస్తుంది.

చట్టాన్నే తప్పుగా అర్థం చేసుకున్నారనిపిస్తే, లేదా ఈ రెండూ అయిపోతే బోర్డు (వెటరన్స్ అప్పీళ్లు వినే వీఏ బోర్డు), ఫారం 10182. అందులో మళ్లీ మూడు: నేరుగా సమీక్ష, 90 రోజుల్లో కొత్త ఆధారం, జడ్జి ముందు వాదన. మూడోదానికి ఎక్కువకాలం ఆగాల్సి ఉంటుంది. ఎదురుగా కూర్చుని చెప్పాల్సిందేమీ లేనప్పుడు దాన్ని ఎంచుకోవద్దు.

చాలా భుజం కేసులకు మా సలహా: పరీక్షే సరిగా చేయకపోతే హయ్యర్ లెవెల్, అభిప్రాయం ఎదురుగా ఉంటే సప్లిమెంటల్. ఒక దారిలో ఓడితే మళ్లీ ఏడాది ఉంటుంది, ఇంకో దారి పట్టొచ్చు. హయ్యర్ లెవెల్ మీద మళ్లీ హయ్యర్ లెవెల్ మాత్రం లేదు.

7. నెక్సస్ ఉత్తరం రాయించండి

డాక్టర్ ‘సర్వీసు వల్ల అయ్యుండొచ్చు’ అని రాస్తే ఆ కాగితానికి విలువ లేదు. వీఏ అడిగే ప్రమాణం సగానికి సగం అవకాశం. ఆ మాటను ఇంగ్లిష్‌లో ఉన్నదున్నట్టు ‘అట్ లీస్ట్ యాజ్ లైక్లీ యాజ్ నాట్’ అనే రాయాలి. అంతకంటే ముఖ్యం, తర్వాత వచ్చే కారణం. ఏ రికార్డులు చూశారు, సర్వీసులో ఏ పని ఎన్నేళ్లు చేశారు, ఆ పని రొటేటర్ కఫ్‌నో కాలర్‌బోన్ చివరి కీలునో ఎలా అరగదీస్తుంది, ఎదురుగా ఉన్న అభిప్రాయం ఎందుకు తప్పు, ఈ నాలుగూ ఉండాలి. ‘వయసు అరుగుదల’ అన్నదానికి మంచి జవాబు రెండో భుజం. వయసు రెంటికీ ఒకటే; ఒకటే పాడైందంటే ఎందుకో డాక్టర్ వివరించగలగాలి. రెండు భుజాలూ పాడైతే ఈ వాదన వాడొద్దు.

డాక్టర్‌కి తప్పు వివరాలు ఇవ్వకండి. సర్వీసుకు ముందు క్రికెట్‌లో భుజానికి దెబ్బ తగిలి ఉంటే అదీ చెప్పండి. దాచింది వీఏ ఫైల్లో కనిపిస్తే ఉత్తరం మొత్తం చెల్లకుండా పోతుంది.

దెబ్బ ఒక భుజానిదే అయినా, ఏళ్లపాటు భారమంతా రెండో చేతి మీద వేయడం వల్ల అదీ పాడైతే సెక్షన్ 3.310 కింద విడిగా అడగొచ్చు. రెండు చేతులకూ రేటింగ్ వస్తే కలిపిన విలువకు దానిలో పదో వంతు చేరుస్తారు. 30, 20 కలిస్తే వీఏ లెక్కలో 44 (30 పోగా మిగిలిన 70లో 20 శాతం, అంటే 14, కలుపుతారు), దగ్గరి పదికి దించితే 40. పదో వంతు 4.4 చేరితే 48.4, అంటే 50.

8. చూసినవాళ్ల మాటలు

ఫారం 21-10210. తోటి సైనికుడు రాస్తే దెబ్బ తగిలిన చోటు, నెల, ఏం చూశాడు. భార్యో భర్తో రాస్తే ఇంటికొచ్చాక ఏం చేయలేకపోతున్నారు: పై అలమర అందడం, తల దువ్వుకోవడం, ఆ భుజం మీద పడుకోలేక రాత్రి ఎన్నిసార్లు లేస్తారు. డిశ్చార్జ్ అయినప్పటి నుంచి డాక్టర్ దగ్గరికి వెళ్లని ఏళ్లుంటే ఆ ఖాళీని పూడ్చేవి ఈ కాగితాలే. ఐబుప్రోఫెన్ వేసుకుని నెట్టుకొచ్చారని రాయించండి. ఊళ్లో ఉన్న అమ్మానాన్న తెలుగులో రాస్తే, ఇంగ్లిష్ అనువాదం, అనువదించినవారి సంతకం జతచేయండి. అందరూ ఒకే వాక్యాలు రాస్తే నమ్మరు, ఎవరి మాట వాళ్లే రాయాలి.

9. కొత్త పరీక్ష రోజు

మామూలుగా వేసుకునే మందులే వేసుకోండి, ఏవి వేసుకున్నారో చెప్పండి. చెయ్యి ఎత్తేటప్పుడు నొప్పి మొదలైన చోట ‘ఇక్కడ మొదలైంది’ అని నోరు తెరిచి చెప్పండి. పళ్లు బిగబట్టి పైదాకా ఎత్తితే, పైదాకా లేచిందనే రాస్తారు. సైన్యం నేర్పిన అలవాటు ఇక్కడ మీకే నష్టం. అయితే నొప్పి అన్నంత మాత్రాన కదలిక తగ్గినట్టు కాదని 2011లో మిచెల్ కేసు చెప్పింది. కాబట్టి ఆ చోటు దాటాక ఏ పని చేయలేరో కూడా చెప్పండి.

ఎగదన్నే రోజుల గురించి అంకెల్లో చెప్పండి: నెలకు ఎన్నిసార్లు, ఎన్ని గంటలు, దేనివల్ల, అప్పుడు చెయ్యి ఎంతవరకు లేస్తుంది. డాక్టర్ అడగకపోయినా చెప్పండి. లేనిది మాత్రం నటించొద్దు. గదిలో 40 డిగ్రీలు ఎత్తి, బయట కారు తలుపు మామూలుగా తెరిస్తే అదీ నివేదికలో పడుతుంది. ఇంటికొచ్చిన వెంటనే ఎంతసేపు పట్టింది, ఏ పరికరం వాడారు, ఏమడిగారు అన్నీ తేదీతో రాసిపెట్టుకోండి.

10. కొత్త ఉత్తరం వచ్చాక

శాతం ఒక్కటే చూసి ఊరుకోకండి. కోడ్, వాటం చేయి, అమలు తేదీ, రెండు చేతుల చేర్పు, నాలుగూ సరిచూసుకోండి. బోర్డు కాదంటే వెటరన్స్ క్లెయిమ్స్ అప్పీల్ కోర్టుకు వెళ్లడానికి ఏడాది ఉండదు, 120 రోజులే. లేదా కొత్త ఆధారంతో ఏడాదిలోపు సప్లిమెంటల్ వేసుకోవచ్చు.

మొత్తం 30 శాతానికి చేరితే భార్య లేదా భర్త, పిల్లల కోసం అదనం వస్తుంది, ఫారం 21-686సి. మీ సంపాదన మీద ఆధారపడ్డ అమ్మానాన్నల కోసమూ అడగొచ్చు, ఫారం 21పీ-509. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. రేటింగ్ ఉత్తరం తేదీ నుంచి ఏడాదిలోపు ఈ కాగితాలు పంపితే ఆ రేటింగ్ అమలైన నాటి నుంచే కలిపి ఇస్తారు.